మూత కింద బుడగ

ముందు కుళాయి జల్లెడ విప్పేయమంటాను.
తర్వాత పది నిమిషాలు ఊరికే పారనివ్వాలి.
రాత్రంతా పైపులో నిద్రపోయిన నీళ్ళు కాదు మనకు కావలసింది,
రాతి పొట్టలోంచి ఇప్పుడే లేచొచ్చినవి.
సీసాను కాస్త వంచి, గోడ వెంబడి, చప్పుడు కాకుండా
అంచు దాటి పొర్లేదాకా నింపాలి.
మూత కింద ఒక్క బుడగ మిగలకూడదు.
మిగిలిందా, రేడాన్ అందులోకి దూరి జారుకుంటుంది.
లాబ్‌లో వాళ్ళకు దక్కేది సగం నిజం.
నిండు కుండ తొణకదంటారు.
తొణక్కుండా చూడ్డమే ఇప్పుడు నా పని.

ఇదివరకు నాది డ్రిల్లు.
దక్షిణ ఫిన్లాండ్‌లో, హిర్వికల్లియో చుట్టుపక్కల
నూట పన్నెండు బోర్లు వేశాను.
నూనె మరకల నోటుబుక్కులో అన్నీ ఉన్నాయి:
ఎవరి పెరడు, ఎన్ని మీటర్లు,
ఏ లోతున ఎర్ర గ్రానైటు పొడి
గులాబిరంగు బురదై పైకి చిమ్మింది.
ప్రతిచోటా మొదటి గుక్క నాదే.
"మంచినీళ్ళు" అనేవాణ్ణి, మీసం తుడుచుకుంటూ.
ఆ ఒక్క మాటకే వాళ్ళు నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు.
రాయినేమైనా అడగాలని
వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు.

తూనె ఉత్తరం విప్పలేదు, నాకోసం ఉంచింది.
కళ్ళజోడు కనబడలేదట. నెత్తి మీదే ఉంది.
బయట ఏప్రిల్ మంచు చూరు నుంచి కారుతోంది.
నేను చదివాను:
రేడాన్, అయిదువేల రెండువందల బెకరెల్స్.
యురేనియం, తొంభై నాలుగు మైక్రోగ్రాములు.
"ఎక్కువా?"
"ఎక్కువే."
"ఎనభై ఏడు మీటర్లు కదూ మాది," అంది,
నా నోటుబుక్కు తనకే కంఠతా వచ్చినట్టు.

కాఫీ అప్పటికే కప్పుల్లో ఉంది.
ముప్పై ఒక్కేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెప్పేది,
రుచి గింజల్లో లేదు, మా నీళ్ళలో ఉందని.
లేచి, మనవరాలు సైమి నక్కబొమ్మ కప్పులో
పళ్ళరసం ముందు సింకులో పారబోసింది.
తన కాఫీ మాత్రం తాగలేదు, పారబొయ్యనూ లేదు.
"స్నానానికి?"
"పర్లేదు."
"సౌనా రాళ్ళ మీదికి?"
"కిటికీ తెరిచి ఉంచు."
"మరి, ఒయివ మూత్రపిండాలు…" అని ఆగింది.

నేను నీళ్ళు నమిలాను.
ఆ నీళ్ళే.
ఆ ఉత్తరంలో దానికి గడి లేదు.

జూన్‌లో నేలమాళిగలో మిషను బిగించాం.
సీసాలో ఒక్కటి కూడా వద్దన్న బుడగలు
ఇక్కడ లక్షలకొద్దీ గురగురమంటూ
నీళ్ళచేత లోపలి ఊపిరి వదిలిస్తాయి.
ఆ ఊపిరి గొట్టంలోంచి కప్పు దాటి పోతుంది.
యురేనియానికి వేరే ఫిల్టరు, వేరే బిల్లు.
సగం నేను కడతానంటే
గరిట చూపించింది తూనె.
"రాయి నువ్వు చేశావా?" అంది.
ఆ మాట నాకు ఊరట కావాలనే అంది.
నాకది రాత్రి రెండింటికి గుర్తొస్తుంది.

ఇప్పటికి ముప్పై ఎనిమిది ఇళ్ళు తిరిగాను.
కొందరు తలుపు తీయరు.
ఒకాయన, "మా తాత తొంభై రెండేళ్ళు బతికాడు" అన్నాడు.
ఆ తాత తాగింది చేతితో తవ్విన బావి,
ఆరు మీటర్లు, కప్పలతో సహా.
బోరు ఆయన పోయాక నేను వేసిందే.
చెబుదామనుకున్నాను. కుక్క మొరగడం మొదలెట్టింది.

నోటుబుక్కులో మొదటి పేజీ మాది.
అరవై నాలుగు మీటర్లు, వర్షంలో, పెళ్ళయిన ఏడాది.
జనవరి నుంచి కిటికీ అరుగు మీద
ఖాళీ సీసా ఒకటి నా పేరు రాసుకుని కూర్చుంది.
తేదీ, గంట, రెండు గడులూ ఖాళీ.

రేడాన్ నాలుగు రోజులు తిరక్కముందే సగమైపోతుంది.
అందుకే శని, ఆదివారాలు సంచిలో ఇరుక్కోకూడదని
వారం మొదట్లోనే తీయమంటాను అందరితో.
ఇవాళ గురువారం. పోస్టాఫీసు నాలుగింటికి మూస్తారు.
గోడ గడియారంలో నాలుగూ పది.
గ్లాసు నింపుకున్నాను. పళ్ళు జివ్వుమనే చల్లదనం, ఏ రుచీ లేదు.
రేపు శుక్రవారం.
శుక్రవారం తీయకూడదు కదా.